లెసన్ ప్లాన్ ఒకటి, జరిగే క్లాసు ఇంకొకటి అవుతుంటే

మీరు రెండు విషయాలు అడిగారు. నిమిషాల లెక్కన రాసుకున్న ప్లాన్ క్లాసులో సగం కూడా నడవడం లేదని ఒకటి. క్లాసయ్యాక రాయాల్సిన స్వీయ సమీక్షలో "పాఠం బాగా జరిగింది" తప్ప ఇంకేమీ తోచడం లేదని రెండోది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకైతే ఈ రెండూ ఒకే సమస్య అనిపిస్తుంది. ప్లాన్ నిండా టీచర్ చేసే పనులే ఉంటే, సమీక్షలో "చేశాను" అని తప్ప రాయడానికి ఏం మిగులుతుంది?

నా ప్లాన్‌లో ముందుగా రాసుకునేది పీరియడ్ మధ్యలో అడిగే ఒక ప్రశ్న. దాని కింద, ఏ జవాబు వస్తే ఎటు వెళ్లాలో రాసుకుంటాను. ఉదాహరణకి భిన్నాల కూడిక తీసుకోండి. 1/2 + 1/3 ఎంత అంటే 2/5 అనేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. లవాలు విడిగా, హారాలు విడిగా కలిపేస్తారు. అప్పుడు పద్ధతి మళ్లీ మొదటి నుంచి చెప్పినా లాభం ఉండదు. వాళ్లకి భిన్నం ఒక సంఖ్యలా కాక, ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు సంఖ్యల్లా కనిపిస్తోంది. అందుకే నేను అడిగేది ఇది: "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా?" అందరూ కాగితం మీద జవాబు రాసి ఒకేసారి పైకెత్తాలి, పక్కనే కారణం కూడా రాయాలి. లేకపోతే సగం మంది గుడ్డిగా ఊహించేస్తారు.

ఎక్కువమందికి తెలిసిందనుకోండి, క.సా.గు.తో ముందుకు వెళ్తాను. క్లాసు రెండుగా చీలితే పక్కపక్కవాళ్లని వాదించుకోమంటాను. చాలామంది తడబడితే ఆ రోజుకి పద సమస్యలు వదిలేసి సంఖ్యారేఖకి వెళ్లిపోతాను. వదిలేయగలిగినవాటికి ప్లాన్‌లో ముందే గుర్తు పెట్టుకుంటాను కాబట్టి అప్పటికప్పుడు టెన్షన్ ఉండదు. టైమ్ చాలనప్పుడు మనం సాధారణంగా కోసేసేది చివరి భాగాన్ని, కానీ పిల్లలకి ఏం అర్థమైందో తెలిసేది అక్కడే. అందుకే చివరి అయిదు నిమిషాలు మాత్రం ముట్టుకోను, చీటీ మీద ఒక లెక్క చేయిస్తాను.

ఒక జాగ్రత్త. ఫ్లెక్సిబుల్‌గా ఉండడమంటే ఉదాహరణలు కూడా బోర్డు దగ్గర నిలబడి ఆలోచించుకోవడం కాదు. అప్పటికప్పుడు తోచిన సంఖ్యలతో హారం పెద్దదై, అసలు విషయం లెక్క చేయడంలోనే మునిగిపోతుంది. సంఖ్యలు ముందే ఎంచుకోవాలి, మార్చుకునే వీలుండాల్సింది క్రమంలో. పాఠం మనకే కొత్తయితే వివరంగా రాసుకున్న ప్లానే మేలు.

ఇంకో సంగతి. ప్లాన్ పూర్తి చేయాలన్న తొందరలో మొదట పోయేది ప్రశ్న తర్వాతి మౌనం. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. మూడు సెకన్లో ఇంకాస్తో ఆగితే జవాబులు పెద్దవవుతాయనీ, జవాబే రాని సందర్భాలు తగ్గుతాయనీ ఆవిడ చూపించారు. మూడు సెకన్లేగా అనిపిస్తుంది కానీ, క్లాసు ముందు నిలబడి ఆగడం చాలా కష్టం.

ఇక సమీక్ష. పని మధ్యలో చేసే ఆలోచన వేరు, పని అయ్యాక చేసేది వేరు అని, వృత్తి నిపుణులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన డొనాల్డ్ షాన్ 1983లో చెప్పారు. పైన చెప్పిన ప్రశ్న మొదటి రకానికి పనికొస్తుంది. రెండోదానికి చివరి అయిదు నిమిషాల్లో రాయించిన ఆ చీటీలే ముడిసరుకు. వాటిని వచ్చింది, కొంత వచ్చింది, రాలేదు అని మూడు కట్టలు చేసి, ప్లాన్ పక్కనే అదే రోజు రెండే రాస్తాను: నేను ఊహించని జవాబు ఏది, ఇదే పాఠం ఇంకో సెక్షన్‌కి చెప్పేటప్పుడు ఏం మారుస్తాను. తప్పు జవాబుని పిల్లలు రాసింది రాసినట్టే ఎక్కిస్తాను. "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" అన్న వాక్యాన్ని పూర్తిగా మానేశాను. సందడికీ నేర్చుకోవడానికీ సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు.

పైవాళ్లకి నిమిషాల ఫార్మాటే కావాలంటే అదే ఇవ్వండి, ప్రశ్న, జవాబుని బట్టి వెళ్లే దారులు రాసుకున్న మీ అరపేజీని వెనక పిన్ చేసుకోండి. సిలబస్ వెనకబడుతుందన్న భయం నిజమే, ఒకటి రెండు పీరియడ్లు పోతాయి. కూడికలో 2/5 గొడవ తీరితే భిన్నాల తీసివేత త్వరగా అయిపోతుంది, నేను ఆ పీరియడ్లని రాబట్టుకునేది అక్కడే.