కృష్ణానగర్‌కి ఎప్పుడు రావాలి? నటన మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: సినిమాల్లో నటించాలని ఉంది, ఇండస్ట్రీలో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, ఎలా మొదలుపెట్టాలి? ఐదింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొందరు పేర్లు వేయొద్దన్నారు, అందుకని అందరివీ ఊరి పేర్లతోనే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నాకు 23 ఏళ్లు. బీటెక్ అయిపోయింది. నటన అంటే చిన్నప్పటి నుంచి పిచ్చి. నాన్న ఒక్క ఏడాది టైమ్ ఇచ్చారు, ఈలోపు ఏమీ కాకపోతే ఉద్యోగంలో చేరిపోవాలి. ఫ్రెండ్స్ హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని వచ్చేయమంటున్నారు. వెళ్లనా?
– ఒక పాఠకుడు, తెనాలి

ఇప్పుడే వెళ్లొద్దు తమ్ముడూ. మొదటి ఆరు నెలలు తెనాలిలోనే ఉండు. కృష్ణానగర్‌లో దిగిన నెలకే రూమ్ అద్దె, మెస్ బిల్లు, పెట్రోలు ఖర్చు మీద పడతాయి, వాటి కోసం ఏదో ఒక పనిలో చేరతావు, చేరాక ఆడిషన్‌కి పిలుపొస్తే సెలవు దొరకదు, సెలవు దొరికిన రోజున ప్రాక్టీస్ లేక చేతులు వణుకుతాయి. టాలెంట్ ఉండి కూడా, నేర్చుకోవాల్సిన రోజులన్నీ అద్దె కట్టడానికే ఖర్చయిపోయి వెనక్కి వెళ్లిపోయిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

పైగా నువ్వున్నది నాటకానికి పేరున్న ఊరు. మీ చుట్టుపక్కల నాటక పరిషత్తు పోటీలకి నాటికలు తయారుచేసే సమాజాలు ఇప్పటికీ ఉన్నాయి. వెళ్లి రిహార్సల్స్‌లో కూర్చో. మొదట్లో వేషం ఇవ్వరు, తెర పక్క నుంచి డైలాగులు అందించే ప్రాంప్టింగ్ చెప్పమంటారు, సామాన్లు మోయమంటారు. చెయ్యి. ప్రాంప్టింగ్ చెప్పేవాడికి అందరి డైలాగులూ నోటికొస్తాయి, ఏ నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో, ఎక్కడ తడబడుతున్నాడో తెలుస్తుంది. కోట శ్రీనివాసరావు గారు 1978లో వెండితెర మీదికి వచ్చేనాటికి ఒకపక్క బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి స్టేజి మీద ఆడినవారు. కెమెరా ముందు నిలబడ్డాక కనిపించే ఆ ధీమా అక్కడ సంపాదించుకున్నదే.

అయితే స్టేజి ఒక్కటే చాలదు, కెమెరా లెక్క వేరు. దాన్ని ఇంట్లో ఫోన్‌తోనే నేర్చుకోవచ్చు. ఒక చిన్న సీన్ అనుకో. అన్న ఊరొదిలి వెళ్లిపోతున్నాడని తెలిసింది, తమ్ముడు టీ తాగుతూ అడుగుతాడు: "ఎప్పుడెళ్తున్నావ్? నాన్నకి చెప్పావా?" ఫోన్ దూరంగా పెట్టి, మనిషి మొత్తం కనిపించేలా ఒకసారి చెయ్యి. అది మాస్టర్ షాట్. తర్వాత ఫోన్ దగ్గరికి జరిపి క్లోజప్‌లో మళ్లీ చెయ్యి. ఇప్పుడు రెండూ వరసగా చూడు. మాస్టర్‌లో 'నాన్నకి' అన్న మాట దగ్గర గ్లాసు కింద పెట్టావు, క్లోజప్‌లో 'చెప్పావా' అనేశాక పెట్టావు. ఎడిటింగ్‌లో ఈ రెండూ అతకవు, ఎడిటర్ నీ క్లోజప్ తీసి పక్కన పడేస్తాడు, అది ఎంత బాగా చేసినా సరే. చేయి ఏ మాట దగ్గర కదిలిందో గుర్తుపెట్టుకుంటూనే మనసు సీన్‌లో ఉంచగలగాలి. అది అలవాటయ్యేదాకా చేస్తూనే ఉండు.

అలాగే క్లోజప్‌లో కనుబొమ్మలు ఊరికే ఎగరేస్తున్నావా, ప్రతి మాటకీ తల ఊపుతున్నావా చూసుకో. లెన్స్ పక్కన గోడ మీద ఒక బొట్టుబిళ్ల అంటించి, దాన్ని చూస్తూ మాట్లాడు. సెట్‌లో నీ క్లోజప్ తీసేటప్పటికి ఎదుటి నటుడు వెళ్లిపోయి ఉండొచ్చు. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన పిడికిలి పట్టుకుని "లుక్ ఇక్కడ" అంటాడు. ఆ పిడికిలినే అన్న అనుకుని కళ్లల్లో నీళ్లు తెచ్చుకోవాలి.

ఆరు నెలలు ఇలా గడిచాక చేసిన వీడియోలు, ఆడిన నాటిక మీ నాన్నకి చూపించు. గడువు గురించి అప్పుడు మాట్లాడితే ఆయనకీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఆ తర్వాత కొన్ని నెలల అద్దె చేతిలో పెట్టుకుని బస్సెక్కు.

ప్రశ్న: అన్నా, మూడేళ్లుగా యూసఫ్‌గూడలో ఉంటున్నాను. ఫోన్‌లో కో-డైరెక్టర్లు, మేనేజర్ల నంబర్లు వందల్లో ఉన్నాయి. రోజూ పొద్దున్నే అందరికీ గుడ్ మార్నింగ్ పెట్టి ఫొటోలు పంపుతాను, ఆఫీసుల చుట్టూ తిరుగుతాను. జూనియర్ ఆర్టిస్టుగా నిలబడడమే తప్ప ఒక్క డైలాగ్ కూడా రాలేదు. బ్యాక్‌గ్రౌండ్ లేనివాడికి ఇక్కడ చోటుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ముందు ఆ గుడ్ మార్నింగ్‌లు ఆపెయ్. కోపంతో అనడం లేదు, నీ మూడేళ్లు అందులోనే కరిగిపోతున్నాయని చెబుతున్నాను.

ఆఫీసులో జరిగేది విను. రెండు సీన్లున్న కానిస్టేబుల్ వేషం ఉంది, ముప్ఫై ఏళ్ల మనిషి, గోదావరి యాస రావాలి. కో-డైరెక్టర్ తన దగ్గరున్న ఫొటోలు కాసేపు తిప్పుతాడు, అన్నీ ఒకేలా ఉంటాయి, కళ్లజోడు, గోడకి ఆనుకున్న పోజు. విసుగొచ్చి గదిలో ఉన్నవాళ్లను అడుగుతాడు, "ఎవడైనా ఉన్నాడారా?" అని. మూలన లాప్‌టాప్ ముందున్న అసిస్టెంట్ తల ఎత్తి, "సార్, మా ఫ్రెండ్ షార్ట్ ఫిల్మ్‌లో ఒకతను చేశాడు, బాగా చేశాడు" అంటాడు. అంతే, ఆ సాయంత్రం ఫోన్ వెళ్తుంది. నువ్వు లేని గదిలో నీ పేరు ఎత్తే మనిషి ఉండడం, పరిచయం అంటే అదే. వందల నంబర్లున్నా నీ పని చూసినవాళ్లు వాళ్లలో ఎందరున్నారో ఒకసారి లెక్కేసుకో.

అందుకే పైవాళ్ల వెంట పడడం తగ్గించి నీ ఈడువాళ్లతో పని చెయ్యి. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు, అసిస్టెంట్ కెమెరామెన్, డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజినీర్, వీళ్లంతా నీలాగే అద్దె గదుల్లో ఉన్నారు. విజయవాడ కుర్రాడు సుహాస్ షార్ట్ ఫిల్మ్స్‌తో మొదలై, చిన్న వేషాలు వేసుకుంటూ 2020 నాటికి హీరో అయ్యాడు. నాని, రవితేజ ఇద్దరూ ముందు అసిస్టెంట్ డైరెక్టర్లుగా పనిచేసినవాళ్లే. ఈరోజు నీ పక్కన క్లాప్ కొడుతున్నవాడు నాలుగేళ్ల తర్వాత కథ పట్టుకుని నిర్మాతల దగ్గర తిరుగుతాడు. అప్పుడు వాడికి గుర్తొచ్చేది తనతో ఎండలో నిలబడి మళ్లీ మళ్లీ టేక్ చేసిన మనిషి. హైదరాబాద్‌లో నాటకాలు వేసే లామకాన్‌లోనో రవీంద్రభారతిలోనో ఏదైనా ఆడుతుంటే వెళ్లి చూడు, అయిపోయాక ఉండి నటులతో మాట్లాడు, వాళ్ల గ్రూపులో చోటుందేమో అడుగు. విజయ్ దేవరకొండ కూడా హైదరాబాద్ నాటక బృందాల్లోంచి వచ్చినవాడే.

బ్యాక్‌గ్రౌండ్ మాట నిజమే, దాచిపెట్టడం ఎందుకు. హీరో వేషాల దగ్గర ఇంట్లోవాళ్లకి మొదటి అవకాశం దొరుకుతుంది. ఒక్కోసారి అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఒక సినిమాలో హీరో ఫ్రెండు, లాయరు, ఎస్సై, పక్కింటి బాబాయి, కాలేజీ ప్రిన్సిపాల్ ఎందరు కావాలి! ఆ వేషాలు ఎవరి వారసత్వమూ కావు. వెబ్ సిరీస్‌లు వచ్చాక అవి ఇంకా పెరిగాయి.

వీడియో సంగతి చెబుతాను. ఒక నిమిషం ఇంట్రో చాలు: పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, ఈత, బైక్, డప్పు ఏది వస్తే అది. ముందు నుంచి, రెండు పక్కల నుంచి మొహం కనిపించాలి. ఫిల్టర్లు వద్దు, మ్యూజిక్ వద్దు. దాంతో పాటు ఒక నిమిషం నటన. పెద్ద హీరోల డైలాగులు మాత్రం చెప్పకు, వినేవాడి చెవిలో ఆ హీరో గొంతే మోగుతుంది, నువ్వు కనపడవు. మీ ఊళ్లో ఎవరో మాట్లాడగా విన్న మాటలే రాసుకుని చెయ్యి. దాన్ని లింకుగా పంపు, ఏ వేషానికి పంపుతున్నావో ఒక్క వాక్యం రాయి. మళ్లీ మెసేజ్ పెట్టేది కొత్తగా ఏదైనా చేసినప్పుడే.

జూనియర్ ఆర్టిస్టు పని చిన్నది అనను, ఎన్నో ఇళ్లు దానిమీద నడుస్తున్నాయి. కాకపోతే రోజూ వెనకాల గుంపులో నిలబడుతూ ఉంటే మనుషులు నిన్ను అక్కడే చూడడానికి అలవాటు పడతారు. సెట్ ఎలా నడుస్తుందో అర్థమయ్యేదాకా చేశావు, చాలు. ఇక ఖర్చులకి వేరే దారి చూసుకుని, ఆ టైమ్ షార్ట్ ఫిల్మ్స్‌కీ నాటకానికీ ఇవ్వు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. ఆడిషన్‌లో నోరు తెరవగానే నా యాస విని నవ్వుతున్నారు. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు

అస్సలు మానకండి! నవ్వినవాళ్లే రేపు సిక్కోలు కథ చేస్తూ ఆ యాస పలికే మనిషి కోసం వెతుకుతారు. కర్నూలు ప్రాంతం నుంచి వచ్చిన జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల మాస్టారు, ఆయనకి జనంలో అంత పేరు తెచ్చింది సీమ యాసే. కోట గారిది కృష్ణా జిల్లా కంకిపాడు, అయినా తెలంగాణ యాసలో ఆయన పలికిన డైలాగులు ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయి. ఒకరు సొంత యాసను నిలబెట్టుకున్నారు, ఇంకొకరు పక్కవాళ్ల యాసను చెవి పెట్టి పట్టుకున్నారు. మీకు రెండూ కావాలి.

రోజూ పొద్దున ఒక పావుగంట పేపర్లో సంపాదకీయం పైకి చదవండి. 'ళ'ని 'ల'గా, 'ణ'ని 'న'గా పలుకుతున్నామేమో రికార్డు చేసుకుని వినండి. శ, ష, స వేరువేరుగా వినపడుతున్నాయా చూసుకోండి. పద్యాలు నేర్చుకుంటే ఊపిరి నిలుస్తుంది, సురభి నాటక సమాజం వాళ్ల నాటకం దగ్గరలో ఎక్కడైనా వేస్తే ఆ గొంతులు వినడానికైనా వెళ్లండి. 1885 నుంచి తరతరాలుగా ఆడుతున్న కుటుంబాలు అవి. ఉచ్చారణ గట్టిపడితే డబ్బింగ్ అవకాశాలు కూడా వస్తాయి, ఇల్లు గడుస్తుంది, మైకు ముందు భావం పలికించడమూ వస్తుంది.

ప్రశ్న: ఒకతను కాస్టింగ్ కోఆర్డినేటర్‌నని పరిచయం చేసుకున్నాడు. పెద్ద సినిమాలో హీరోయిన్ చెల్లెలి వేషం అంటున్నాడు. పోర్ట్‌ఫోలియోకి, ఆర్టిస్ట్ కార్డుకి కలిపి 40 వేలు కట్టమంటున్నాడు. డైరెక్టర్‌ని రాత్రి హోటల్‌లో కలవాలట. ఇంట్లో చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకురాలు, కరీంనగర్

వెళ్లొద్దమ్మా. డబ్బు కూడా కట్టొద్దు. వేషం ఇచ్చేవాళ్లు నటులకి డబ్బిస్తారు, నటుల దగ్గర తీసుకోరు, ఇందులో ఇంకో మాట లేదు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ సభ్యత్వం వేషాలు వేశాక వచ్చేది, దారినపోయే మనిషి చేతికిచ్చేది కాదు. అతను చెప్పిన సినిమా నిర్మాణ సంస్థ ఆఫీసుకి పగటిపూట మీరే ఫోన్ చేసి, ఇలా ఒకతను అడుగుతున్నాడని చెప్పండి. చాలావరకు వాళ్లకి అతనెవరో కూడా తెలియదు.

ఆడిషన్ అంటే పగలు, ఆఫీసులో, నలుగురి మధ్య జరగాలి. తోడుగా ఒకరిని తీసుకెళ్తానంటే ఒప్పుకోని చోటికి వెళ్లాల్సిన అవసరం లేదు. ఒకవేళ ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బెదిరిస్తే, వేధిస్తే పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పండి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలి, అది లేని చిన్న సంస్థయితే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. షూటింగ్ జరిగే చోటు కూడా పని ప్రదేశమే. అతని మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి.

ఇంట్లో అమ్మకో అక్కకో ఈరోజే చెప్పండి. వాళ్లు మీ కెరీర్ మానిపించేస్తారని భయం ఉంటుంది, తెలుసు. కానీ దాచిపెట్టినన్నాళ్లూ మీ భయమే అతనికి బలం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయింది, నటన నేర్చుకుంటానంటోంది. ఎక్కడ చేర్పించాలి? మూడు నెలల కోర్సులకి లక్షల్లో అడుగుతున్నారు.
– ఒక తండ్రి, వరంగల్

అమ్మాయిని కొట్టిపారేయకుండా ఎక్కడ చేర్పించాలని అడిగారు, చాలా సంతోషం. మూడు నెలల కోర్సుకి లక్షలు పెట్టకండి. ఎక్కడ చేర్చాలన్నా ముందు ఒక క్లాసు కూర్చుని చూస్తామని అడగండి, చెప్పేవారు ఎవరో, ఏం చేశారో కనుక్కోండి, 'సినిమాలో చాన్స్ గ్యారంటీ' అంటే అక్కడి నుంచి లేచి రండి.

ముందు డిగ్రీ చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సు, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా ఉన్నాయి. ఢిల్లీలో సీటు కష్టమే, కానీ వస్తే స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ నేర్పుతారు. అక్కడ దరఖాస్తుకి డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతారు, ఆరు నాటకాలైనా ఉండాలని చెబుతుంటారు. కాబట్టి కాలేజీలో చేరిన మొదటి ఏడాది నుంచే అమ్మాయిని స్టేజి ఎక్కనివ్వండి. ఆడిన ప్రతి నాటకం కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టించండి, ప్రవేశ పరీక్షకి వెళ్లిన రోజున అవి అడుగుతారు.