జాతర జనం, లక్క బొమ్మల బేరం

ప్రశ్న: మా ఊళ్లో ఏటా మూడు రోజులు జాతర జరుగుతుంది. కొన్ని కుటుంబాలు అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తాయి. జాతరలో మాత్రం బయటి నుంచి వచ్చిన ప్లాస్టిక్ సరుకే అమ్ముడుపోతోంది. మా బొమ్మలు ఎన్ని పెట్టాలి? ఎప్పటినుంచి సిద్ధం కావాలి?

జవాబు: వచ్చే జనాన్ని చూసి సరుకు లెక్క వేయకండి. కొట్లో ఎంతమందికి అమ్మగలరన్నదే అసలు లెక్క. ఒక్కో బేరానికి మూడు నిమిషాలనుకుంటే ఇద్దరు మనుషులు గంటకు 40 బేరాలు చేస్తారు. గట్టి గిరాకీ రోజుకు అయిదారు గంటలనుకోండి. మూడు రోజులకు 600 నుంచి 720 బేరాలు. లక్ష మంది వచ్చినా ఒక కొట్టుకు ఇంతే. అమ్మకం పెరగాలంటే రెండో కొట్టు కావాలి, అదీ బస్సులు ఆగే వైపు. దర్శనానికి వెళ్లేవాళ్ల చేతుల్లో కొబ్బరికాయలుంటాయి, చంకలో పిల్లలుంటారు. బొమ్మలు కొనేది తిరుగుదారిలోనే.

కొట్టు చోటు సంగతి వేలం ప్రకటన వెలువడక ముందే తేల్చుకోవాలి. ఊరి చేతిపనివాళ్లకు కొన్ని కొట్లు వేలం నుంచి మినహాయించమని పంచాయతీకి, గుడి ఈవోకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. వేలం ముగిశాక, కొట్ల చోటును పాడుకున్న పాటదారు చెప్పిందే అద్దె. ప్లాస్టిక్ సరుకు ఆ అద్దెను తట్టుకుంటుంది, చేతిపని తట్టుకోలేదు.

ఇక తయారీ. చాలాచోట్ల దెబ్బతినేది కర్ర దగ్గరే. జాతర దగ్గరపడిందని పచ్చి కర్రనే లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) ఎక్కిస్తారు. ఆ తర్వాత కర్ర ఆరి కుంచించుకుంటుంది, పైనున్న లక్క చిట్లుతుంది. కొన్నవాళ్లింట్లో పగిలిన బొమ్మ మీ ఊరి పేరు చెడగొడుతుంది. కోసిన ముక్కల్లో నాలుగింటికి గుర్తులు పెట్టి, నీడలో గాలి ఆడేచోట ఉంచి, వారానికోసారి తూకం వేయండి. వరసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే కర్ర ఆరినట్టే. లావు ముక్కలకు నెలలు పడుతుంది కాబట్టి, ఒక జాతర ముగియగానే వచ్చే ఏటి కర్ర ఆరబెట్టడం మొదలుపెట్టాలి.

కొట్లో బొమ్మల మీద ఎండ పడనివ్వకండి. లక్క మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి, పసుపుతో వేసిన రంగు వెలిసిపోతుంది. తడి తగిలితే తెల్లటి మచ్చలు వస్తాయి. ప్లాస్టిక్ కవర్లలో కుక్కకుండా ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి పెట్టండి.

ధరలు 50, 100, 200 రూపాయలని రౌండ్ అంకెల్లో పెట్టండి. అంత జనంలో ఫోన్ సిగ్నల్ అందకపోతే క్యూఆర్ కోడ్ అట్టముక్కే. చిల్లర ముందే తెచ్చుకోండి. బొమ్మ అడుగున ఊరి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. జాతర మూడు రోజులే గానీ, లేత్ ఏడాదంతా తిరగాలి కదా! మేడారం లాగా రెండేళ్లకోసారి జరిగే జాతరనే నమ్ముకుంటే మరీ కష్టం.

ప్రశ్న: ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మలు అమ్మకూడదని అంటున్నారు. నిజమేనా? లక్క బొమ్మలకు పేరుపొందిన ఏటికొప్పాక ఊరి పేరు మా బొమ్మలకు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదా?

జవాబు: 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఆ గుర్తు తప్పనిసరి. అయితే కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి ప్రతి కళాకారుడికీ పహచాన్ కార్డు (ఆ నమోదుకు ఇచ్చే గుర్తింపు కార్డు) తీయించి, దాని నకలు కొట్లో ఉంచండి.

ఏటికొప్పాక పేరు పెట్టుకునే ఆలోచన మానుకోండి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే చట్టపరమైన రక్షణ) వచ్చింది. ఇంకో ఊళ్లో చేసి ఆ పేరుతో అమ్మితే చట్టవిరుద్ధం. ఏటికొప్పాకలో పనిచేసేవాళ్లు కూడా ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, నమోదు చేయించుకోవాలి. ఊరికి గుర్తింపు ఉందని మనిషికి దానంతటదే హక్కు రాదు.