నాలుగు తరాల మంద, ఒక కోడలి నడుము

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గర పల్లె. ఈ ఇంటికి కోడలిగా వచ్చి 24 ఏళ్లయింది. మా మామగారి తాతగారు రెండు నాటు ఆవులతో మొదలుపెట్టిన మంద ఇప్పుడు 11 ముర్రా గేదెలు, మూడు ఆవుల దగ్గరికి వచ్చింది. మావారు ఉద్యోగానికి వెళతారు. పాలు పితకడం, పేడ తీయడం, కేంద్రానికి పాలు చేర్చడం అన్నీ నా పనే. నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఈ పనిలోకి రానన్నాడు. పశువుల్ని అమ్మేసి శాల ఉన్న స్థలం బిల్డరుకు ఇద్దామని నగరంలో ఉండే మా మరిది అంటున్నారు. మామగారికి 80 ఏళ్లు. ‘నాలుగు తరాల మంద నా కళ్లముందు ఆగకూడదు’ అంటారు. నేను ఒక్కసారి నోరు విప్పితే ‘బయటి నుంచి వచ్చినదానివి, నీకేం తెలుసు’ అన్నారు. మావారు మాట్లాడరు. ఆపేయాలని నాకు ఉండటం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మీ ఉత్తరంలో అలసటను మించి అపరాధ భావం కనిపించింది కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మామగారు అంటున్న నాలుగో తరం ఎవరు? మీవారు ఉద్యోగంలో ఉన్నారు, మరిది ఊళ్లోనే లేరు. తెల్లవారకముందే దూడను వదిలి, చేపు వచ్చాక పాలు పితికేది మీరు. మీకు ముందు మీ అత్తగారు, ఆవిడకు ముందు ఆవిడ అత్తగారు ఇదే పని చేసి ఉంటారు. అందరూ బయటి నుంచి వచ్చినవారే. పేరు మాత్రం మగవారి వరసలో చెప్పుకుంటాం, అదేం వింతో!

ఇంకో సంగతి. ఈ మంద నాలుగు తరాలూ ఒకేలా సాగలేదు. ఆ రోజుల్లో పల్లెల్లో నాటు ఆవుల్ని పెంచింది ముఖ్యంగా దుక్కిటెడ్ల కోసం, పెంట ఎరువు కోసం. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు అక్కరలేకపోయాయి. ఊళ్లలో పాల కేంద్రాలు తెరిచి వెన్న శాతాన్ని బట్టి ధర కట్టడం మొదలయ్యాక గేదె గెలిచింది. ఆవు పాలలో వెన్న నాలుగు శాతం దగ్గర ఉంటే ముర్రా పాలలో ఏడు దాకా వస్తుంది. ఎక్కడో హర్యానా జాతి మీ శాల దాకా వచ్చింది అందుకే. నాటు ఆవుల్ని, ఎడ్లను తోలేసి గేదెల్ని కట్టెయ్యాలని ఎవరో ఒక రోజు నిర్ణయించి ఉంటారు కదా? కాలం లెక్క చూస్తే అది బహుశా మీ మామగారే.

అందుకని ఆయనతో వాదించకండి, అడగండి. ఒక సాయంత్రం అబ్బాయిని కూడా కూర్చోబెట్టి, ఎడ్లను ఎప్పుడు అమ్మారు, అప్పుడు వాళ్ల నాన్నగారు ఏమన్నారు, సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్న కోడెదూడల్ని ఎవరు తీసుకెళ్లారు అని అడగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు, దారులు లేనప్పుడు పాలు ఏం చేశారో మీకే గుర్తుంటుంది, అది మీరు చెప్పండి. అబ్బాయి ఫోనులో రికార్డు చేసుకుంటాడు. మీ అత్తగారి పేరు, ఆవిడ అత్తగారి పేరు అందులో ఉండేలా చూడండి. ఆ వయసువారికి తాము చేసిందంతా ఇక ఎవరికీ పట్టదేమో అన్న దిగులు ఉంటుంది. అది కాస్త తగ్గితే మీ మాట వినే వీలు ఉంటుంది. ఒక్క సాయంత్రంతో మెత్తబడతారని మాత్రం చెప్పను.

ఈలోగా డాక్టరుకు చూపించుకోండి. పశువుల పని చేస్తానని, ఈతలప్పుడు మాయ (దూడ తర్వాత పడే పొర) తీస్తానని డాక్టరుకు తప్పక చెప్పండి. ఈసుకుపోయిన (గర్భం పోయిన) పశువుల మాయ, పచ్చిపాల ద్వారా మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ అనే జబ్బులోనూ నడుము, కీళ్ల నొప్పులు, వచ్చిపోయే జ్వరం ఉంటాయి. మీది అదే అనడం లేదు, చెప్పకపోతే ఆ పరీక్ష చేయాలని వాళ్లకు తట్టకపోవచ్చు.

మంద విషయంలో నా సలహా, ఒక్కసారిగా అమ్మకండి, ఒక్కొక్కటిగా తగ్గించండి. ఇకపై ఎదకొచ్చిన గేదెలకు చూడి కట్టే సూది వేయించాలా వద్దా అన్నదే అసలు నిర్ణయం. గేదె చూడి పది నెలలు కాబట్టి, ఈరోజు వేయించిన సూది మిమ్మల్ని ఏడాది పైన శాలకు కట్టేస్తుంది. ఈనిన గేదెకు ఉన్న ధర ఒట్టిపోయినదానికి రాదని మీకు నేను చెప్పాలా? మామగారి తృప్తి కోసం ఒకటో రెండో ఆవుల్ని ఉంచుకోవచ్చు. అయితే వాటిని పితికేది మీవారు. ఈ షరతు ఆయనకు మీరే, అందరి ముందూ చెప్పాలి. ఆయన మౌనం ఇన్నాళ్లూ మీ నడుము మీద నడిచింది. మంద ఉన్నంతకాలం పాల బిల్లు మీ బ్యాంకు ఖాతాలో పడాలని కూడా అప్పుడే అడగండి.

ఇక మరిది మాట. పశువుల్ని తగ్గించడం వేరు, స్థలం బిల్డరుకు ఇవ్వడం వేరు. మీ నొప్పిని ఆసరా చేసుకుని ఆయన రెండింటినీ ఒకే ముడి వేస్తున్నారేమో గమనించండి. స్థలం పిత్రార్జితమా, మామగారి స్వార్జితమా ముందు తేలాలి. పిత్రార్జితమైతే 2005 చట్ట సవరణ ప్రకారం ఆడపిల్లలకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. ఆడపడుచులు ఉంటే వాళ్లను పక్కన పెట్టి చేసుకున్న ఒప్పందం రేపు కోర్టుకెక్కుతుంది. కోడలిగా మీకు ఆ స్థలంలో నేరుగా వాటా రాదు, కాబట్టి మీవారు జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టేముందు కాగితం మీరు చదవాలి.

వకీలు ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి రాజీ కుదిర్చే పని కూడా వాళ్లు చేస్తారు. వెళ్లేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం, పాల కేంద్రం పుస్తకం వెంట పట్టుకెళ్లండి.