ఫైనల్ ఫాంటసీ అభిమానులు కొత్త ఆటల విషయంలో ఎందుకు రెండుగా చీలిపోయారు?

ఒంగోలులో మా మిత్రుల మధ్య కూడా తెగని వాదమిది. 1987లో మొదలైన ఈ వీడియో గేమ్ సిరీస్‌లో పోరాటం వంతులవారీగా సాగేది. 2001లో వచ్చిన పదో భాగంలోనైతే ఎవరి వంతు ఎప్పుడో తెర అంచున వరుసగా కనిపించేది కాబట్టి, శత్రువు దెబ్బ తీసేలోపు తోటివాడి గాయం మాన్పాలా, ఎదురుదాడి చేయాలా అని తీరిగ్గా ఆలోచించుకునే వీలుండేది. 2016 నాటి పదిహేనో భాగం ఆ తీరికను తగ్గించింది. 2023 నాటి పదహారో భాగం చేతివేగం మీదే నడుస్తుంది. అందులో టోర్గల్ అనే కుక్కకు తప్ప జట్టులో మరెవరికీ మనం ఆజ్ఞలివ్వలేము. పాత అభిమానులకు జరిగిన అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం. 1991లోనే నాలుగో భాగం పోరులోకి గడియారాన్ని తెచ్చి, మనం ఆలోచిస్తుండగానే కాలం నడిచేలా చేసింది కనుక మార్పు ఈ సిరీస్‌కు కొత్త కాదన్న కుర్రవాళ్ల మాటనూ తోసిపుచ్చలేం. ఏడో భాగానికి 2020లో వచ్చిన రీమేక్‌లో ఆజ్ఞల పట్టిక తెరవగానే కాలం దాదాపు ఆగిపోతుంది. నాకు నచ్చిన దారి అదే.