బుల్లెట్ బాగా వచ్చినవాళ్లకు అడవిలో ఏటీవీ తేలికేనా?

మీరు అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నారు, స్నేహితుడు తన 570 సీసీ ఏటీవీలు (హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండ్లు) రెండు ఇస్తానన్నాడు, ఈ శనివారం మీరు, మీ ఆవిడ, పన్నెండేళ్ల బాబు కలిసి ఉవారీ నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్దామనుకుంటున్నారు. 'ఊళ్లో ఏళ్ల తరబడి బుల్లెట్ నడిపాను, హైదరాబాద్ శివారు రిసార్టులో ఏటీవీ కూడా తిప్పాను, ఇబ్బంది ఏమైనా ఉంటుందా?' అనేది మీ ప్రశ్న.

ఉంటుందండీ. అదీ బుల్లెట్ వచ్చు కాబట్టే. మా బృందం కొన్నేళ్లుగా ఉవారీకి వెళ్తోంది. కొత్తగా వచ్చినవాళ్లలో అసలు బైకే ఎక్కనివాళ్లు చెప్పినట్టు వింటారు. చేయి తిరిగినవాళ్లే మాకు టెన్షన్ పెడతారు.

ముందు ఎడమచేతి లివర్ సంగతి. అలవాటుగా అది క్లచ్ అనుకుని గట్టిగా నొక్కేస్తారు. ఆటోమేటిక్ ఏటీవీలో అక్కడుండేది బ్రేక్. రాళ్ల మీద దిగుతూ దాన్ని ఒక్కసారిగా పట్టేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రేస్ కూడా చేయి తిప్పి ఇచ్చేది కాదు, బొటనవేలితో నెట్టాలి. గతుకుల్లో హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు ఆ వేలు తెలియకుండానే రేస్ పెంచేస్తుంది. గంట గడిస్తే వేలు లాగడం మొదలవుతుంది, అది మామూలే.

అంతకన్నా ప్రమాదమైన అలవాటు కాలు కింద పెట్టడం. బైక్ ఒరిగితే మన ప్రమేయం లేకుండానే కాలు నేలకు ఆనుతుంది. ఏటీవీలో అలా పెట్టిన కాలి మీదికి వెనక చక్రం ఎక్కేస్తుంది. బండి ఎంత ఒరిగినా పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి. ఈ ఒక్క మాట మీ ఆవిడకు కూడా పదిసార్లు చెప్పండి.

మలుపులో బుల్లెట్‌ని మనతో పాటు వంచుతాం. ఏటీవీ వంగదు, కాబట్టి మనమే సీటు మీద లోపలివైపు జరిగి ఒరగాలి. ఎక్కుడులో ముందుకు వంగాలి, దిగుడులో వెనక్కి జరగాలి. దిగేటప్పుడు లో గేర్‌లో వేసి ఇంజిన్‌నే బండిని పట్టుకోనివ్వండి, బ్రేక్ మీద మెల్లగా వేళ్లు ఉంటే చాలు. రిసార్టులో చదును చేసిన ట్రాక్ మీద రెండు రౌండ్లు కొడితే ఇవేవీ అవసరం పడవు, అందుకే అది అనుభవం కింద లెక్కపెట్టుకోకండి.

పోయిన అక్టోబర్‌లో మాతో వచ్చిన ఒకాయన ఎక్కుడు మధ్యలో ఆగిపోయాడు. కింద ఎర్రమట్టి, దాని మీద పట్టులేని రాళ్లు. బైక్‌లాగా వెనక్కి దొర్లించుకుంటూ దిగుదామని బ్రేక్ వదలబోయాడు. వెనక నుంచి అందరం ఒకటే అరుపు. బండి వెనక్కి దొర్లడం మొదలై అప్పుడు బ్రేక్ పడితే ముందు చక్రాలు లేచి, 300 కిలోల పైచిలుకు బరువు మనిషి మీదికి తిరగబడుతుంది. ఆయన బ్రేక్ లాక్ చేసి, ఎత్తుగా ఉన్న వైపు దిగాడు. తర్వాత ఇద్దరం పట్టి బండిని అడ్డంగా తిప్పి, ముందుకు దిగేలా చేశాం. పావుగంట పట్టింది, వెనక రెండు జీపులు ఓపిగ్గా ఆగాయి. అవును, ఆ ట్రైల్స్‌లో జీపులూ తిరుగుతాయి. ఎదురుగా ఏం వస్తుందో కనబడని మిట్ట మీద మధ్యలో పోకండి.

బాబు విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను: ఆ బండి వాడికి ఇవ్వొద్దు. 16 ఏళ్లలోపు వాళ్లు పెద్దల సైజు ఏటీవీ నడపకూడదని బండి మీదే స్టిక్కర్ ఉంటుంది. పోనీ వెనక కూర్చోబెట్టుకుంటాను అంటారేమో. ఒక్కరి కోసం చేసిన బండి అది. సీటు పొడుగ్గా ఉన్నది ఇంకొకరి కోసం కాదు, నడిపేవాళ్లు ముందుకూ వెనక్కూ జరగడానికి. వాడి వయసుకు తగిన చిన్న మోడల్ దొరికితే సరే, లేదంటే ఈసారి ఆ ట్రైల్స్ దగ్గర్లోని బేడిన్ లేక్ అనే చెరువు దగ్గర వాడితో ఒకరు ఉండిపోవడమే. అలిగితే అలగనివ్వండి.

ఇక కాగితాలు. 1990 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు నార్త్ కరోలినాలో ఏటీవీ నడపాలంటే సేఫ్టీ కోర్సు సర్టిఫికెట్ ఉండాలి. మీ ఇద్దరిలో ఎవరికి వర్తిస్తుందో చూసుకోండి. ఒక్కో బండికి ట్రైల్ పాస్ కావాలి. సైలెన్సర్‌లో నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉందో లేదో మీ స్నేహితుణ్ణి అడగండి. ఎండు ఆకుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

ప్రభుత్వ అడవి కదా, దారి కనబడితే పోవచ్చు అనుకోకండి. 2005 నాటి ఫారెస్ట్ సర్వీస్ నియమం ప్రకారం ప్రతి నేషనల్ ఫారెస్ట్‌కీ మోటారు వాహనాల మ్యాప్ ఉంటుంది, ఉచితంగా ఇస్తారు. అందులో గీత లేని చోట బోర్డు లేకపోయినా అది మూసిన దారే. ఉవారీలో గుర్రాలవాళ్ల ట్రైల్స్ కూడా పక్కపక్కనే ఉంటాయి, అటు మళ్లారంటే జరిమానాతో పాటు చీవాట్లు కూడా. ఏటీవీ ట్రైల్స్‌లో డ్యానియల్, డచ్ జాన్ పేర్లతో ఉన్నవి కష్టమైనవి, వాటిని ఈసారికి వదిలేయండి.

ఈ ట్రైల్స్ ఏప్రిల్ 1 నుంచి డిసెంబర్ 15 వరకే తెరిచి ఉంటాయి. గట్టి వాన పడితే ఆ మధ్యలోనూ మూస్తారు. శుక్రవారం సాయంత్రం ట్రైలర్ ఎక్కించేలోపు ట్రాయ్ అనే ఊళ్లోని ఫారెస్ట్ రేంజర్ ఆఫీసుకు ఒక ఫోన్ కొట్టండి. కుదిరితే ఆ ముందురోజే మీ స్నేహితుడి పెరట్లో, ఎడమ లివర్ బ్రేకేనని చేతికి అలవాటయ్యేదాకా, ఆగడం ఒక్కటే ప్రాక్టీస్ చేయండి.