అడవికి అగ్గి దానంతటదే అంటుకుంటుందా?

వెదుర్లు రాసుకుని అడవి అంటుకుంటుందంటారు, నిజమేనా, ఎండ వల్లో పిడుగుల వల్లో ఎంత తగలబడుతుంది అని అడిగారు. మాది నల్లమల అంచున ఊరు. కొన్ని వేసవులు అటవీ శాఖ వాళ్లతో మంటలు ఆర్పడానికి వెళ్లాను. వెదురు రాపిడి మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ మేం ఆర్పిన మంటల మొదలు వెతుక్కుంటూ పోతే కాలిబాటో, ఘాట్ రోడ్డో, ఇప్పచెట్టో తగిలేది.

ఇప్పచెట్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే ఏరుకోవడం కష్టమని ముందే కింద ఆకు తగలబెడతారు. పొద్దున గాలి ఉండదు, మంట చెట్టు కిందే అణిగిపోతుంది. ఆరిందనుకుని వెళ్లిపోతారు. కానీ పక్కనున్న పుచ్చు మొద్దులో నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేవగానే రవ్వలు బోదగడ్డిలో పడతాయి. ఇక మంట కొండ ఎగువకు ఎక్కితే మనిషి పరుగు చాలదు. పచ్చి కొమ్మలతో, గాలితో ఆకును ఊదేసే బ్లోయర్లతో పక్కల నుంచి ఆర్పుకుంటూ రావాల్సిందే.

తునికి (బీడీ ఆకు) చిగురు కోసం, పశువులకు కొత్త గడ్డి కోసం పెట్టే మంటలూ ఉన్నాయి. శ్రీశైలం దారిలో ఆర్పకుండా వదిలేసిన పొయ్యిలు, బీడీ ముక్కలు సరేసరి. అందరూ చెంచుల మీదికి నెట్టేస్తారు గానీ, అది చాలా అన్యాయం. పొగ కనపడితే మాకంటే ముందు పరిగెత్తింది పెంటల్లోని (చెంచుల గూడేల్లోని) కుర్రాళ్లే.

ఎండ ఆకును ఎండబెడుతుంది, అంతే. నిప్పు వేరే ఎవరో తేవాలి. పిడుగుతో అంటుకోవడం నిజమే, కానీ మన దగ్గర చాలాసార్లు పిడుగు వెంటే వాన ఉంటుంది. కాలిఫోర్నియాలో 2020 ఆగస్టులో వాన దాదాపు లేకుండా పిడుగులు పడి వందల చోట్ల అడవి అంటుకుంది. అదే రాష్ట్రంలో 2018లో పారడైజ్ ఊరిని బూడిద చేసి 85 మందిని పొట్టన పెట్టుకున్న మంట మాత్రం పాత కరెంటు టవరు మీద కొక్కెం అరిగి తెగడంతో మొదలైంది.

ఇప్పచెట్టు కింద ఆకు ఊడ్చి పాత చీరో వలో పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. తునికికైతే కొమ్మ కొడితే చాలు, నిప్పు పెట్టకుండానే మంచి చిగురు వస్తుంది. దారిలో పొగ కనిపిస్తే దయచేసి చూసీచూడనట్టు వెళ్లిపోకండి, దగ్గర్లోని చెక్‌పోస్టులో వెంటనే చెప్పండి.