తాతయ్య ఎర్రగా ఉంటే ఇంగ్లీషులో ఏమనాలి?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది నెల్లూరు దగ్గర ఊరు, చెన్నై పెరంబూర్‌లో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు, ఏడు క్లాసుల తెలుగు పిల్లలు ఎనిమిది మందికి సాయంత్రాలు ఇంగ్లీషు ట్యూషన్ చెప్తున్నా. మనుషులు ఎలా ఉంటారో, వాళ్ళ గుణం ఏంటో చెప్పే మాటలు ఒక నలభై రాసిచ్చి బట్టీ పట్టించా, డిక్టేషన్ పెడితే అందరికీ ఫుల్ మార్కులే. తీరా మీ తాతయ్య గురించి ఐదు వాక్యాలు రాయండర్రా అంటే 'హీ ఈజ్ గుడ్, హీ ఈజ్ నైస్' తప్ప ఇంకేం రాలేదు, ఒక బాబైతే 'మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ రెడ్' అని రాశాడు. నేనెక్కడ తప్పు చేస్తున్నానంటారు?
— ఒక ట్యూషన్ టీచర్, పెరంబూర్

జవాబు: ముందు ఆ బాబుని ఏమీ అనకండమ్మా, మొత్తం ఎనిమిది మందిలో నిజంగా వాళ్ళ తాతయ్యని కళ్ళముందు పెట్టుకుని రాసింది వాడొక్కడే. తెల్లటి మనిషిని మనం ఎర్రగా ఉన్నారంటాం, ఇక్కడ తమిళవాళ్ళు కూడా సివప్పు అనే అంటారు, ఇంట్లోనూ వీధిలోనూ వాడి చెవిన పడేది అదే, దాన్నే ఇంగ్లీషులో పెట్టాడు. ఇంగ్లీషువాళ్ళకి మనిషి 'రెడ్' అంటే ఎండకి కందిపోయాడనో, కోపంతోనో సిగ్గుతోనో మొహం ఎర్రబడిందనో అర్థం. మనం ఎర్రగా అనేదానికి వాళ్ళ మాట ఫెయిర్. ఇది చెప్పేసి వాణ్ణి ఒకసారి మెచ్చుకోండి, రేపట్నుంచి ఇంకా రాస్తాడు.

లిస్టుకి వస్తే, మాటలు నలభై ఇచ్చారు గానీ ఏ ప్రశ్నకి ఏ మాట జవాబో చెప్పలేదు, అక్కడే ఆగిపోయారు పిల్లలు. దీనికి మన తెలుగే మంచి దారి చూపిస్తుంది. 'ఎలా ఉంటాడు?' అంటే రూపం అడుగుతున్నాం, 'ఎలాంటివాడు?' అంటే గుణం, 'ఎలా ఉన్నాడు?' అంటే ఒంట్లో బాగుందా అని. మూడేళ్ళ పిల్లాడు కూడా ఈ మూడింటినీ కలపడు. ఇంగ్లీషులో ఇవే వరసగా 'వాట్ డజ్ హీ లుక్ లైక్', 'వాట్ ఈజ్ హీ లైక్', 'హౌ ఈజ్ హీ'. రెండోదాంట్లో లైక్ అని వినగానే పిల్లలు ఇష్టం అనుకుని 'హీ లైక్స్ బిర్యానీ' అనేస్తారు, అందుకని తెలుగు ప్రశ్న పక్కన ఇంగ్లీషు ప్రశ్న బోర్డు మీద రాసి ఒక వారం అలాగే ఉంచండి, చెరపొద్దు.

తర్వాత ఈజ్, హ్యాజ్ గొడవ. 'హీ ఈజ్ మీసం' లాంటి వాక్యాలు మీకూ వచ్చే ఉంటాయి. తెలుగులో 'గా' వస్తే ఈజ్, 'కి' వస్తే హ్యాజ్ అని చెప్పండి: పొడుగ్గా ఉంటాడు, హీ ఈజ్ టాల్, ఆయనకి మీసం ఉంది, హీ హ్యాజ్ ఎ మొస్టాష్. కానీ ఇది కంటికి కనపడేవాటి వరకే పనిచేస్తుంది, గుణం దగ్గరికి రాగానే తిరగబడుతుంది, ఎందుకంటే మనం 'ఆవిడకి సిగ్గు ఎక్కువ', 'ఆయనకి కోపం ఎక్కువ' అని గుణానికి కూడా 'కి' పెడతాం, దాంతో పిల్లలు 'షి హ్యాజ్ షై' అని రాస్తారు. షై లాంటి గుణం చెప్పే మాటలకి ఈజే: షి ఈజ్ షై, హీ ఈజ్ షార్ట్ టెంపర్డ్. ఈ తేడా ముందే చెప్పకపోతే రూల్ నేర్చుకున్న పిల్లాడే ఎక్కువ తప్పులు చేస్తాడు, నేను చూశాను.

ఇక మాటలు ఎలా నేర్పాలి అంటే, అవసరం పుట్టించి. నేను చేసే పని ఒకటి చెప్తా. దీపావళి ముందు టీ నగర్ రంగనాథన్ వీధి ఎలా ఉంటుందో మన పిల్లలందరికీ తెలుసు, కాలు కిందపెట్టే చోటుండదు, పోలీసులు మైకులో అరుస్తూనే ఉంటారు. ఆ జనంలో మీ నానమ్మ తప్పిపోయింది, మైకు నీ చేతికిచ్చారు, ఇంగ్లీషులో చెప్పు, అంటాను. మొన్న ఒక పాప లేచి 'షి ఈజ్ ఓల్డ్, షి ఈజ్ ఫెయిర్' అని కూర్చోబోయింది. అలాంటివాళ్ళు ఆ వీధిలో వందమంది ఉంటారు కదమ్మా, మీ నానమ్మని ఎలా గుర్తుపట్టాలి అన్నాను. కాసేపు కళ్ళు మూసుకుంది. రెండువైపులా ముక్కుపుడకలు, నెరిసిన జుట్టు ముడి, కుడి మోకాలు పట్టుకుని నడుస్తుంది, గడ్డం కింద పుట్టుమచ్చ, అని ఒక్కొక్కటీ తెలుగులో చెప్తుంటే నేను ఒక్కొక్క మాటా అందించా: నోస్ స్టడ్స్, గ్రే హెయిర్, బన్, లింప్, మోల్. చివరికి 'మోల్ అండర్ హర్ బియర్డ్' అంది, ఎందుకంటే మనకి గడ్డం అంటే వెంట్రుకలూ అదే, ఆ ఎముకా అదే. చిన్ అని చెప్పా. ఆ పాప ఈ ఆరు మాటలూ ఇంక మర్చిపోదు, ఎందుకంటే అవి లిస్టులోవి కావు, వాళ్ళ నానమ్మవి.

కళ్ళ సంగతి కూడా చెప్పండి. నల్లకళ్ళు అని 'బ్లాక్ ఐస్' రాస్తారు, ఇంగ్లీషులో బ్లాక్ ఐ అంటే దెబ్బ తగిలి కమిలిన కన్ను, మనవి డార్క్ బ్రౌన్.

గుణం చెప్పేటప్పుడు నాది ఒకటే పట్టు, ప్రతి మాటకీ ఒక సంఘటన చెప్పాలి. నానమ్మ జెనరస్ అన్నావా, ఎందుకన్నావ్? వాటర్ క్యాన్ వేసే అన్నకి మజ్జిగ ఇవ్వకుండా పంపదు కాబట్టి. అదీ వాక్యం. ఒక మాట పక్కనే దాని జంటని కూడా పెట్టండి, మొండివాడు స్టబర్న్, పట్టుదల ఉన్నవాడు డిటర్మిన్డ్, పిసినారి స్టింజీ, పొదుపుగా ఉండేవాడు థ్రిఫ్టీ. మనిషి ఒకరే, చూసేవాళ్ళ మనసుని బట్టి మాట మారుతుంది, ఇది పిల్లలకి ఎంత బాగా అర్థమవుతుందో మీరే చూస్తారు. సెన్సిబుల్, సెన్సిటివ్ మాత్రం వేరే వేరే రోజుల్లో చెప్పండి, ఒకటి వివేకం, ఇంకోటి చిన్నమాటకే నొచ్చుకోవడం, రెండూ ఒకేరోజు చెప్తే కలిసిపోతాయి. అలాగే మనం 'మంచి పర్సనాలిటీ' అంటే ఒడ్డూ పొడుగూ అనుకుంటాం, ఇంగ్లీషులో అది లోపలి స్వభావమే.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా, పక్కన కూర్చున్న పిల్లాడి ఒళ్ళు మాత్రం ఎవరిచేతా వర్ణింపజేయకండి. ఫ్యాట్, స్కిన్నీ, డార్క్ అన్నవి క్లాసులో ఒకరి మీద పడితే ఆ పేరే వాడికి స్కూలంతా అంటుకుంటుంది. తాతయ్య, నానమ్మ, మేనమామ, ఇంటికొచ్చే పూలమ్మే అమ్మ, వీళ్ళు చాలు. వీళ్ళకి కూడా ఓల్డ్ కంటే ఎల్డర్లీ, ఫ్యాట్ కంటే ప్లంప్ మర్యాదగా ఉంటుంది. 'కొంచెం హెల్దీగా ఉంటుంది' అని మనం లావుకి వాడేది మాత్రం ఇంగ్లీషులో ఆరోగ్యంగా ఉందనే అర్థమిస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయికి అమెరికా సంబంధాలు చూస్తున్నాం. ప్రొఫైల్‌లో 'హోమ్లీ, వీటిష్ కాంప్లెక్షన్' అని రాయించాం. హోమ్లీ తీసేయమని మా అల్లుడు పట్టుబడుతున్నాడు, పెద్దమ్మాయి భర్త. ఎందుకో సరిగ్గా చెప్పట్లేదు.
— ఒక తండ్రి, అంబత్తూర్

జవాబు: మీ అల్లుడుగారు చెప్పింది నిజమేనండి, మొహమాటంతో కారణం చెప్పలేకపోయుంటారు. మన దగ్గర హోమ్లీ అంటే ఇంటిపట్టున ఉండే, అందరినీ కలుపుకుపోయే అమ్మాయి. అమెరికాలో అదే మాటకి అందంగా ఉండదు అని అర్థం. బ్రిటన్‌లో అయితే హాయిగా, సాదాగా ఉన్న ఇంటిని అలా అంటారు. ఈరోజే మార్పించి 'క్లోజ్ టు హర్ ఫ్యామిలీ' అని పెట్టండి, మీరు చెప్పాలనుకున్నది అదే కదా.

వీటిష్ అన్నది మన దేశపు ఇంగ్లీషు, గోధుమరంగు, చామనఛాయ అనడానికి పెళ్ళి ప్రకటనల్లో వాడతాం, బయటివాళ్ళకి తెలియదు. నన్నడిగితే రంగు మాటే తీసేయండి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కూడా పేరులో ఫెయిర్ తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది, అదే ఏడు షాదీ డాట్ కామ్ రంగుని బట్టి వెతికే ఫిల్టర్ తీసేసింది. ఫోటో ఎలాగూ పెడుతున్నారు, చూసేవాళ్ళకి కళ్ళున్నాయి. ఆ జాగాలో మీ అమ్మాయి ఏం చేస్తుందో, ఏది చూస్తే సంతోషపడుతుందో రెండు వాక్యాలు ఆ అమ్మాయినే రాయమనండి.

ప్రశ్న: విదేశాలకి వెళ్ళడానికి రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో 'నీకు నచ్చిన మనిషి గురించి చెప్పు' అని వస్తే నలభై సెకన్లలో మాటలైపోతున్నాయి అక్కా. స్మార్ట్, హ్యాండ్‌సమ్, టాల్, ఇంతే వస్తున్నాయి.
— ఒక బీటెక్ కుర్రాడు, పోరూర్

జవాబు: ఆ ప్రశ్న ఒక కార్డు మీద ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకోడానికి ఇస్తారు, తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి తమ్ముడూ. ఆ నిమిషంలో విశేషణాలు వెతక్కు, ఆ మనిషి చేసిన ఒక పని గుర్తుచేసుకుని వాళ్ళిచ్చే కాగితం మీద నాలుగు మాటలు రాసుకో. రూపానికి రెండు వాక్యాలు చాలు, మిగతాదంతా ఆ పని, అప్పుడు నువ్వేమనుకున్నావు, ఇప్పుడేమనుకుంటున్నావు. స్మార్ట్ అన్నది జాగ్రత్త, మనం చూడ్డానికి బాగుంటే అంటాం, బ్రిటిష్‌వాళ్ళు చక్కగా డ్రెస్ చేసుకుంటే అంటారు, తెలివికీ వాడతారు, అందుకని వెల్ డ్రెస్డో ఇంటెలిజెంటో తేల్చి చెప్పు. వరస కూడా చూసుకో, 'ఎ యంగ్ టాల్ మ్యాన్' కాదు, 'ఎ టాల్ యంగ్ మ్యాన్', ముందు ఎత్తు, తర్వాత వయసు. రోజూ బస్సులో పోరూర్ నుంచి వెళ్తావు కదా, కండక్టర్‌ని ఒకసారి చూసి మనసులోనే రెండు నిమిషాలు చెప్పుకో, పదిరోజులు చేసి మళ్ళీ రాయి నాకు.